రేడియో మన కొండల మీదికి రావాలి, మన చేతిలో ఉండాలి

కోరాపుట్, రాయగడ జిల్లాల తెలుగువారికీ, మనతో కలిసి బతుకుతున్న ఒడియా, దేశియా, కువి, సవర సోదర సోదరీమణులకూ విజ్ఞప్తి



దేశంలో 234 కొత్త పట్టణాలకు 730 ప్రైవేటు ఎఫ్‌ఎం రేడియో చానళ్లను వేలం వేయడానికి 2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది. ఆ జాబితాలో శ్రీకాకుళం ఉంది. విజయనగరం ఉంది. మన ఒడిశా నుంచి పూరీ, సంబల్‌పూర్, బాలాసోర్ ఉన్నాయి. జయపురం లేదు. రాయగడ లేదు. కోరాపుట్, సునాబెడ, గుణుపురం పేర్లు ఎంత వెతికినా కనబడవు.

ఎందుకు లేవు? 2011లో వచ్చిన మూడో దశ ఎఫ్‌ఎం విధానం పట్టణ జనాభా లక్ష దాటాలని గీత గీసింది. 2011 జనగణనలో జయపురం జనాభా సుమారు 85 వేలు, రాయగడ సుమారు 71 వేలు. ఢిల్లీ లెక్క అక్కడితో సరి. జయపురం బజారుకు బొరిగుమ్మ నుంచి, కుంద్రా నుంచి, బొయిపరిగుడ నుంచి దిగే జనం ఆ లెక్కలో లేరు. ఉప్పు నుంచి ఆసుపత్రి దాకా రాయగడ మీదే ఆధారపడ్డ కాశీపూర్, కల్యాణసింగపూర్ పల్లెలు ఆ లెక్కలో లేవు. మైదానంలో ఊళ్లు ఒకదానికొకటి ఆనుకుని పెరుగుతాయి, కొండ ప్రాంతంలో విడివిడిగా ఉంటాయి. మున్సిపాలిటీ హద్దులోని తలలు లెక్కబెట్టి రేడియో ఇస్తామంటే కొండ ప్రాంతానికి ఎన్నటికీ రాదు. ఈ గీత మార్చమని అడగడానికే ఈ కరపత్రం.

అయితే ఇంకో మాట కూడా ఇప్పుడే చెప్పాలి. వేలం జాబితాలో మన ఊరు చేరితే చాలు, మన రేడియో వచ్చేసినట్టే అని మాత్రం మేము అనడం లేదు. రేడియో పుట్టినప్పటి నుంచీ యజమాని మారినప్పుడల్లా వినబడే మాటా పాటా మారుతూ వచ్చాయి. ఆ చరిత్ర తెలిస్తే ఏం అడగాలో మనకే తెలుస్తుంది.

మన జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, 1924లో, సి.వి. కృష్ణస్వామి చెట్టి చొరవతో మద్రాసులో ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు మొదలైంది. ఉత్సాహం ఉన్నవాళ్లు చందాలు వేసుకుని నడిపారు. డబ్బు చాలక 1927లో ఆగిపోయింది. ట్రాన్స్‌మిటర్ మద్రాసు కార్పొరేషన్‌కు చేరింది, 1930లో మళ్లీ మోగింది. అదే 1927లో బొంబాయి, కలకత్తాలలో ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ అనే ప్రైవేటు సంస్థ స్టేషన్లు పెట్టింది. మూడేళ్లు తిరగకుండానే అది దివాలా తీసింది. 1930లో ప్రభుత్వం తీసుకుంది, 1936 జూన్‌లో దానికి ఆల్ ఇండియా రేడియో అని పేరు పెట్టింది. ఆ ఏప్రిల్‌లోనే కోరాపుట్ కొత్త ఒరిస్సా రాష్ట్రంలో చేరింది. అప్పటి నుంచి మన పాలన కటకం వైపు, మన చుట్టరికాలు పార్వతీపురం, సాలూరు, విజయనగరం వైపు ఉండిపోయాయి. తెలుగు మాట్లాడే స్టేషన్లన్నీ అవతలి వైపే వచ్చాయి: 1938లో మద్రాసు, 1948లో విజయవాడ, 1963లో విశాఖపట్నం. హైదరాబాదులో 1935 నుంచి నిజాం ప్రభుత్వం నడిపిన దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో కలిసింది. అక్కడా యజమాని మారాడు, ఉర్దూ వెనక్కి తగ్గి తెలుగు ముందుకు వచ్చింది.

ఇక సిలోన్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అందులో మనకు పనికొచ్చే పాఠం ఉంది. 1952లో కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రి అయిన బి.వి. కేస్కర్ సినిమా పాట సంస్కారాన్ని చెడగొడుతుందని నమ్మారు. ఆకాశవాణిలో శాస్త్రీయ సంగీతం పెరిగింది, సినిమా పాట దాదాపు మాయమైంది. వినేవాళ్లు ఏం చేశారు? సూది తిప్పారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మిత్రరాజ్యాల సైనికుల కోసం కొలంబోలో పెట్టిన షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్ అప్పటికి సిలోన్ ప్రభుత్వం చేతికి వచ్చింది. వాళ్లు దాని మీద వాణిజ్య ప్రసారాలు మొదలుపెట్టి, ప్రకటనల డబ్బుతో హిందీ, తమిళ, తెలుగు సినిమా పాటలు వేశారు. ఒక టూత్‌పేస్టు పేరు మీద నడిచిన బినాకా గీత్‌మాలాతో అమీన్ సయానీ గొంతు దేశమంతా తెలిసింది. తెలుగు పాటల దగ్గర మీనాక్షి పొన్నుదురై గొంతు అంతే చనువైంది. డెబ్బై ఏళ్లు దాటిన మన ఇంటి పెద్దవాళ్లను అడిగి చూడండి, ఆ పేరు చెప్పగానే వాళ్ల ముఖం వెలుగుతుంది. సముద్రం అవతలి దేశం నుంచి తెలుగు పాట వచ్చింది. మన ప్రభుత్వం దగ్గర ఆ పాట లేదు.

చివరికి ప్రభుత్వమే దిగివచ్చింది. 1957 అక్టోబరు 3న వివిధ భారతి మొదలైంది. పదేళ్లకు, 1967 నవంబరు 1 నుంచి, బొంబాయి, నాగపూర్, పుణెలలో దాని మీద వాణిజ్య ప్రకటనలూ వచ్చాయి. ఏ ఉద్యమమూ లేదు, ఏ పార్టీ జెండా లేదు. వినేవాళ్లు వినడం మానేశారు, అంతే. మరి వినేవాళ్లు నోరు తెరిచి, సంతకం పెట్టి అడిగితే ఎంత బలం ఉంటుందో ఆలోచించండి.

ఇప్పుడు మన గడ్డ మీదికి వద్దాం. 1964లో జయపురంలో ఆకాశవాణి కేంద్రం వచ్చింది. 1467 కిలోహెర్ట్జ్ మీద 100 కిలోవాట్ల మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్, ఒకప్పుడు షార్ట్‌వేవ్ కూడా ఉన్న పెద్ద కేంద్రం అది. మన కొండలకు మీడియం వేవ్ ఎందుకు ముఖ్యమో కొత్త తరానికి చెప్పాలి. ఎఫ్‌ఎం తరంగం చూపు సాగినంత దూరమే పోతుంది, కొండ అడ్డొస్తే ఆగుతుంది. మీడియం వేవ్ నేలను పట్టుకుని పాకుతుంది, గుట్ట దిగి లోయలోకీ చేరుతుంది. ఒడిశాలో ఎత్తైన దేవమాలి శిఖరం 1,672 మీటర్లు, అది మన పొట్టంగి పక్కనే ఉంది. విజయనగరం నుంచి సాలూరు మీదుగా సుంకి ఘాట్ ఎక్కే లారీ డ్రైవరు ఎవరినైనా అడగండి. విశాఖ ఎఫ్‌ఎం విజయనగరం దాటాక పలచబడుతుంది, ఘాట్ మొదలయ్యేసరికి సొద తప్ప ఏమీ ఉండదు. పాత సెట్టులో మీడియం వేవ్‌కు మార్చుకుంటే 927 దగ్గర విశాఖపట్నం, 1467 దగ్గర జయపురం. కరెంటు తీగల కింద గరగరమన్నా మాట తెగకుండా వచ్చే దారి అదే. దేశంలో చాలా చోట్ల మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లను ఒక్కొక్కటిగా ఆపేస్తున్నారు. జయపురం మీడియం వేవ్‌ను ఆపకూడదు, దాని శక్తిని తగ్గించకూడదు. ఇది మన మొదటి కోరిక.

ఆ కేంద్రం నుంచి రోజూ నిర్ణయించిన వేళకు తెలుగు కార్యక్రమం రావాలి. ఇది రెండో కోరిక. ఎప్పుడో పండుగకు ఒక పాట వేస్తే సరిపోదు. ఉదయమో సాయంత్రమో, అందరికీ గుర్తుండే వేళకు, మన ఊళ్ల మనుషుల గొంతుతో రావాలి. ధాన్యం కొనుగోలు కేంద్రం ఎప్పుడు తెరుస్తారు, రాయగడలో మజ్జిగౌరి అమ్మవారి జాతరకు ఏ బళ్లు నడుస్తాయి, కలెక్టరాఫీసులో ఏ పథకానికి గడువు ఎప్పుడు ముగుస్తుంది, ఇవన్నీ చెప్పాలి. ఒడియా చదవడం రాని తెలుగు ముసలవ్వ పింఛను కాగితం పట్టుకుని పక్కింటివాళ్ల కోసం అరుగు మీద ఎదురుచూసే పరిస్థితి పోవాలి. కువి మాట్లాడే తల్లికి కువిలో, సవర మాట్లాడే తండ్రికి సవరలో ఇదే సమాచారం అందాలి. తెలుగుకు అడిగేది వాళ్ల వాటా నుంచి కోసి ఇమ్మని కాదు. ఇరవై నాలుగు గంటల గాలిలో అందరికీ చోటుంది.

ఒడియా భాష మీద మనకు గౌరవం ఉంది. ఇది ఎవరికీ వ్యతిరేకంగా లేచిన గొంతు కాదు. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఒడియాలోనూ రాశారు, తెలుగులోనూ రాశారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఏటా లక్ష రూపాయలు ఇచ్చిన దాత ఆయన. రెండు భాషలనూ సొంతం చేసుకున్న మనిషి ఏలిన ఊళ్లో రెండు భాషలూ మాట్లాడే రేడియో అడగడానికి ఎవరూ జంకాల్సిన పని లేదు.

ఇక ప్రైవేటు రేడియో. 1993లో ఆకాశవాణి తన ఎఫ్‌ఎం మీద కొన్ని గంటలను ప్రైవేటు కంపెనీలకు ఇవ్వడం మొదలుపెట్టింది. 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు గొప్ప తీర్పు చెప్పింది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అంది. ఆ ధర్మాసనంలో ఉన్న తెలుగు న్యాయమూర్తి బి.పి. జీవన్‌రెడ్డి తన విడి తీర్పులో ఇంకా లోతుకు వెళ్లారు. ప్రసార మాధ్యమాలు ప్రభుత్వం గుప్పిట్లోనూ ఉండకూడదు, డబ్బున్న కొద్దిమంది గుప్పిట్లోనూ ఉండకూడదు, ప్రజల అధీనంలో ఉండాలన్నది ఆయన మాటల సారం. ఆ తీర్పు వచ్చి ముప్పై ఏళ్లు దాటాయి. తలుపు తెరుచుకున్నది మాత్రం ప్రజలకు తక్కువ, వేలంపాటకు ఎక్కువ.

2000లో మొదటి వేలం: 40 నగరాలు, 108 చానళ్లు. లైసెన్సు రుసుము ఏటా 15 శాతం పెరిగే షరతు పెట్టారు. పాడినవాళ్లలో చాలామంది ఆ భారం మోయలేక వెనక్కి పోయారు, మోగినవి ఇరవై పైచిలుకే. 2001 జూలై 3న బెంగళూరులో రేడియో సిటీ మొదటిది. 2005లో రెండో దశ వచ్చింది, రుసుము ఆదాయంలో 4 శాతానికి మారింది. అప్పుడు విజయవాడ, తిరుపతి, వరంగల్ లాంటి ఊళ్లకూ, ఇటు భువనేశ్వర్, రౌర్కెలాకూ ప్రైవేటు గొంతులు వచ్చాయి. ఒడియా దినపత్రిక ‘సంబాద్’ వాళ్ల రేడియో చాక్లెట్ అలా పుట్టిందే. ఒడియావాళ్ల సొంత సంస్థ పెట్టిన స్టేషన్ కనుక అందులో ఒడియా గట్టిగా వినబడింది. యజమాని దగ్గరివాడైతే వచ్చే తేడా అది.

దూరపు యజమాని అయితే ఏమవుతుందో చూడండి. విశాఖలో, హైదరాబాదులో సన్ సంస్థ వాళ్ల ఎస్ ఎఫ్‌ఎం అని విన్నదే ఒక రోజు రెడ్ ఎఫ్‌ఎం అయింది. ఫ్రీక్వెన్సీ అదే 93.5. పేరు మారింది, మాట తీరు మారింది, దేశమంతటికీ ఒకే నినాదం వచ్చింది. ఢిల్లీ, ముంబై, కోల్‌కతాలలో 104.8 మీద ఆడవాళ్ల కోసం, కబుర్ల కోసం 2007లో మియావ్ ఎఫ్‌ఎం పెట్టారు. కొన్నేళ్లకు అదే చానల్ ఓయ్ ఎఫ్‌ఎం అయి పాటల్లోకి మారింది, ఆ తర్వాత ఇష్క్ ఎఫ్‌ఎం అయి ప్రేమ పాటలు పట్టుకుంది. ఆడవాళ్ల కబుర్లు ఎందుకు ఆగాయని విన్న ఆడవాళ్లను ఎవరైనా అడిగారా? రేడియో సిటీని 2015లో జాగరణ్ పత్రికా సంస్థ కొంది. అనిల్ అంబానీ రిలయన్స్ పెట్టిన బిగ్ ఎఫ్‌ఎం 92.7 సంగతి మరీ చెప్పుకోదగ్గది. దాన్ని 2019లో రేడియో సిటీ వాళ్లు 1,050 కోట్లకు కొంటామన్నారు. ప్రభుత్వ అనుమతి రాక ఆ బేరం చెడింది. తర్వాత కంపెనీ దివాలా కోర్టుకు చేరింది. 2024లో 261 కోట్లకు సఫైర్ మీడియా అనే సంస్థకు ఇవ్వడానికి ట్రిబ్యునల్ ఒప్పుకుంది. 58 నగరాల స్టేషన్లు కట్టగట్టి ఒక యజమాని నుంచి ఇంకొకరికి మారాయి. ఆ బేరంలో విశాఖ శ్రోత ఏమంటాడని అడిగినవాళ్లు లేరు. చట్టం ప్రకారం అడగనక్కర్లేదు కూడా.

కంపెనీల మీద పగతో ఇది రాయడం లేదు. రేడియో నడపడం ఖర్చుతో కూడిన పని, ప్రకటనల మీదే వాళ్ల బతుకు. ప్రకటన ఎక్కడ దొరికితే స్టేషన్ అక్కడ ఉంటుంది, ప్రకటన ఇచ్చేవాడికి నచ్చిన పాటే వేస్తుంది. అందుకే ఏ ఊళ్లో విన్నా అవే పది కొత్త సినిమాల పాటలు, అదే హడావుడి గొంతు. పైగా ప్రైవేటు ఎఫ్‌ఎంకు సొంత వార్తలు చెప్పే అనుమతి లేదు. ఆకాశవాణి వార్తలను ఉన్నది ఉన్నట్టు తిరిగి వినిపించవచ్చు, అంతే. వాతావరణం, పరీక్షలు, ఉద్యోగాలు, నీళ్లు, కరెంటు, విపత్తుల ప్రకటనలు మాత్రం చెప్పవచ్చని మూడో దశ నిబంధనలే అంటున్నాయి. చెప్పవచ్చు, సరే. కానీ కోరాపుట్‌లో ఏ రోడ్డు తెగిందో ముంబైలో కూర్చున్నవాడికి ఎలా తెలుస్తుంది?

ఈ ప్రశ్నకు అమెరికా జవాబు చూపించింది. 1996లో అక్కడ చట్టం మార్చి, దేశం మొత్తం మీద ఒక కంపెనీకి ఇన్ని రేడియో స్టేషన్లే ఉండాలన్న పరిమితి ఎత్తేశారు. క్లియర్ చానల్ అనే ఒక్క కంపెనీ దగ్గర సుమారు 1,200 స్టేషన్లు చేరాయి. నార్త్ డకోటాలో మైనాట్ అని చిన్న ఊరు. అక్కడి వాణిజ్య స్టేషన్లు ఆరూ ఆ కంపెనీవే. 2002 జనవరి 18 అర్ధరాత్రి దాటాక ఊరి బయట గూడ్సు రైలు పట్టాలు తప్పి అమ్మోనియా విషవాయువు కమ్మేసింది. జనాన్ని హెచ్చరించడానికి పోలీసులు రేడియోను అందుకోలేకపోయారు. తప్పు ఎవరిదన్న దాని మీద తర్వాత కంపెనీకీ పోలీసులకూ వాదన నడిచింది. వాదన ఏదైనా, జనం భయంతో రేడియో పెట్టుకున్న వేళ ఆ ఊరి గొంతు ఊరికి దొరకలేదు.

మనకు ఆ రాత్రులు కొత్తవా? 2017 జనవరి 21 రాత్రి రాయగడ దాటి కూనేరు దగ్గర హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పింది. దాదాపు నలభై మంది ప్రాణాలు పోయాయి. జగదల్‌పూర్ నుంచి కోరాపుట్, రాయగడ మీదుగా భువనేశ్వర్ వెళ్లే బండి అది, మనవాళ్లు నిండుగా ఉండే బండి. అదే ఏడాది జూలైలో కల్యాణి, నాగావళి పొంగి తేరుబలి, సింగపూర్ రోడ్ మధ్య రైలు వంతెనను కొట్టేశాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళం మీద పడి ఇటు గుణుపురం వైపు వంశధారను ముంచెత్తింది. అలాంటప్పుడు సెల్ టవరుకు కరెంటు పోతుంది, ఫోను మూగబోతుంది. రెండు బ్యాటరీలు వేసిన సెట్టు మాత్రం పని చేస్తుంది. దాంట్లో ఎవరి గొంతు వినబడాలన్నదే మన ముందున్న ప్రశ్న.

కొందరు యువకులు అంటారు: ఫోనులో పాటలన్నీ ఉన్నాయి కదా బాబాయ్, ఇంకా రేడియో ఎందుకు అని. పాటలు ఉన్నాయి తమ్ముడూ, నిజమే. రేపు దామన్‌జోడి బస్సు నడుస్తుందా లేదా అన్నది ఆ పాటల యాప్ చెప్పదు. నెట్‌వర్క్ బొత్తిగా అందని పల్లెలు మన రెండు జిల్లాల్లో ఎన్ని ఉన్నాయో ఆశా కార్యకర్తలకు తెలుసు. ఫోనులో ఎఫ్‌ఎం ఉంటే ఇయర్‌ఫోన్ తీగే యాంటెనా, డేటా అక్కర్లేదు. ఈ మధ్య ఫోన్లలో ఆ ఎఫ్‌ఎం సౌకర్యమే తీసేస్తున్నారు. దాన్ని ఉంచమని 2023లో కేంద్ర ప్రభుత్వమే ఫోను కంపెనీలకు సూచించింది. కొత్త ఫోను కొనేటప్పుడు ఎఫ్‌ఎం ఉందా అని అడిగి కొనండి. పది మంది అడిగితే దుకాణంవాడు పైవాళ్లకు చెబుతాడు.

మరి మన సొంత రేడియో సాధ్యమేనా? సాధ్యమే. కమ్యూనిటీ రేడియో అని చట్టబద్ధమైన దారి ఉంది. మొదట 2002లో విద్యాసంస్థలకు ఇచ్చారు. 2006 నవంబరు నుంచి లాభాపేక్ష లేని సంస్థలకూ ఇస్తున్నారు. సంస్థ నమోదై కనీసం మూడేళ్లు జనం మధ్య పని చేసి ఉండాలి. రాజకీయ పార్టీలకూ, మత సంస్థలకూ, వ్యాపార కంపెనీలకూ, వ్యక్తులకూ ఇవ్వరు. 100 వాట్ల శక్తి, పదీ పదిహేను కిలోమీటర్ల మేర వినబడుతుంది. కార్యక్రమాల్లో కనీసం సగం ఆ ఊళ్లోనే తయారు కావాలన్నది నిబంధన. వేలంపాట ఉండదు. గంటలో కొన్ని నిమిషాలు స్థానిక ప్రకటనలు వేసుకోవచ్చు. దసరా ముందు రాయగడ మెయిన్ రోడ్డులో మైకు కట్టిన ఆటో బట్టల దుకాణం తగ్గింపు ధరలను ఒకసారి ఒడియాలో, ఒకసారి తెలుగులో చెప్పుకుంటూ తిరుగుతుంది కదా. ఆటో అద్దెకు, మైకుసెట్టుకు, అరిచే కుర్రాడికి పెట్టే ఆ ఖర్చే ఊరి రేడియోకు వస్తే ఊరి గొంతు నిలబడుతుంది. దుకాణదారులారా, ఈ మాట మీరు లెక్కలు వేసి చూడండి.

దూరం వెళ్లనక్కర్లేదు. కోరాపుట్‌లోనే సోవా అనే స్వచ్ఛంద సంస్థ ‘ధింసా’ పేరుతో 90.4 మీద కమ్యూనిటీ రేడియో పెట్టి దేశియా మాటను గాలిలోకి ఎక్కించింది. తెలంగాణలో జహీరాబాదు దగ్గర మాచ్‌నూరులో 2008 అక్టోబరు 15న సంఘం రేడియో మొదలైంది. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అండతో దళిత మహిళలే రికార్డు చేసి, వాళ్లే ఎడిట్ చేసి, వాళ్లే వినిపిస్తున్నారు. జొన్నలు, కొర్రలు, విత్తనాలు, పురుళ్లు, పాటలు, అన్నీ వాళ్ల యాసలోనే. ఆ యాసను దిద్దమని చెప్పేవాడు అక్కడ లేడు. పొలం పనికి వెళ్లే ఆడవాళ్లు స్టూడియో నడపగలిగారు. కాలేజీలు, కాగితపు మిల్లు, అల్యూమినియం ఫ్యాక్టరీ, విమాన ఇంజన్ల కర్మాగారం ఉన్న మన జిల్లాల్లో ఆ పని తెలిసిన చేతులు దొరకవా?

కాబట్టి ఇప్పుడు చేయాల్సిన పని చెబుతాం. ఈ కరపత్రం ఇచ్చినవారి చేతిలో సంతకాల పుస్తకం ఉంది. అందులో నాలుగు కోరికలు తెలుగులోనూ ఒడియాలోనూ రాసి ఉన్నాయి. జయపురం మీడియం వేవ్ పూర్తి శక్తితో కొనసాగాలి. జయపురం కేంద్రం నుంచి రోజూ తెలుగుకూ, ఇక్కడి ఆదివాసీ భాషలకూ నిర్ణీత సమయం ఉండాలి. ఎఫ్‌ఎం వేలానికి పెట్టిన లక్ష జనాభా గీతను కొండ జిల్లాలకు సడలించాలి. అలా వచ్చే ఏ ప్రైవేటు స్టేషనైనా రోజులో కొన్ని గంటలు ఇక్కడే, ఇక్కడి భాషల్లో తయారు చేయాలని లైసెన్సులోనే రాయాలి, యజమాని మారినా ఆ షరతు మారకూడదు. చివరిదాని మీద మాకు పట్టుదల ఎక్కువ. కంపెనీ అమ్ముకోవచ్చు, పేరు మార్చుకోవచ్చు. మన వేళ మాత్రం అమ్మకంలో పోకూడదు.

సంతకంతో పాటు మీ ఊరి పేరు, మీ ఇంట్లో మాట్లాడే భాష రాయండి. ఒడియా ఇంటివారు, కువి ఇంటివారు, సవర ఇంటివారు కూడా పెట్టండి, మీ భాష పేరు మీ చేత్తో రాయండి. వేలిముద్ర అయినా సరే. ఈ పుస్తకాలు ప్రసార భారతికీ, జయపురం ఆకాశవాణికీ, సమాచార ప్రసార శాఖకూ వెళ్తాయి. మన రెండు జిల్లాల్లో ఎక్కువ భాగం ఒకే కోరాపుట్ లోక్‌సభ నియోజకవర్గం కనుక మన ఎంపీగారి చేతికి ఒకే కట్టగా ఇద్దాం. ఓటు అడగడానికి వచ్చిన ప్రతి నాయకుడినీ రేడియో మాట అడగండి.

కమ్యూనిటీ రేడియో కోసం మూడేళ్లు నిండిన మహిళా సంఘాల సమాఖ్యలు, స్వచ్ఛంద సంస్థలు, కాలేజీలు ముందుకు రావాలి. దరఖాస్తు సమాచార, ప్రసార శాఖ బ్రాడ్‌కాస్ట్ సేవా పోర్టల్‌లో పెట్టాలి. కాగితాలు నింపడం వచ్చినవారు పుస్తకం చివరి పేజీలో తమ పేరు రాయండి. రికార్డింగ్ తెలిసిన కుర్రవాళ్లు, పెళ్లిళ్లకు మైకుసెట్లు పెట్టే అన్నలు, రిటైరైన మాస్టార్లు, పాటలు పాడే అమ్మలు, అందరి పేర్లూ ఆ పేజీలో కావాలి. స్టేషన్ వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర కూర్చుని వాళ్ల పాట, వాళ్ల కథ ఫోనులో ఈ వారమే రికార్డు చేసి పెట్టుకోండి. మొదటి రోజు వినిపించాల్సింది అదే.

చదివాక ఈ కాగితం పారేయకండి. పక్కింటివారికి చదివి వినిపించి, బస్టాండులోనో టీకొట్టులోనో పది మంది చూసే చోట అతికించండి.